ఆ ఇల్లు నేనే చూపించాను

ఒక మాటను ఇన్నేళ్లూ గొంతులోనే పెట్టుకుని బతికాను. అన్నం తింటున్నప్పుడు, మిషను తొక్కుతున్నప్పుడు, నలుగురిలో నవ్వుతున్నప్పుడు కూడా అది అక్కడే ఉంటుంది. మింగలేను. బయటికి తీయలేను. మా ఆయన పోయాకైనా తగ్గుతుందేమో అనుకున్నాను, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువగా దాచింది ఆయన దగ్గరే. తగ్గలేదు. పెరిగింది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పలేక మీకు చెబుతున్నాను. మనుషుల పేర్లు మార్చాను. ఊళ్ల పేర్లు మార్చలేదు. మార్చి రాద్దామని కూర్చుంటే ఏదీ జరిగినట్టే అనిపించలేదు.

అప్పుడు మేము మదనపల్లెలో ఉండేవాళ్లం. మా ఆయన ఒక ప్రైవేటు స్కూల్లో బస్సు డ్రైవరు. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. మాకు ఒక్కడే కొడుకు, కాలేజీలో చదువుతున్నాడు. మా పుట్టిల్లు పెద్దపంజాణి దగ్గర పల్లె. నాన్న పోయాక చేనులో నా భాగాన్ని మా అన్నే కొనుక్కుని డబ్బు ఇచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక నాదంటూ నా చేతికి వచ్చింది అదొక్కటే. ఆ డబ్బు పెట్టి భోగ్యానికి ఇల్లు తీసుకుందామన్నది నేను.

భోగ్యం అంటే మా వైపు అందరికీ తెలుసు. నెలనెలా బాడుగ ఉండదు. ఒకేసారి పెద్ద మొత్తం ఓనరు చేతిలో పెట్టి, ఒప్పుకున్న గడువు దాకా ఇంట్లో ఉండొచ్చు. ఖాళీ చేసేటప్పుడు ఓనరు ఆ మొత్తం తిరిగి ఇచ్చేయాలి. బాడుగ మిగులుతుంది, అసలు ఎక్కడికీ పోదు. నేనూ అట్లాగే లెక్క వేసుకున్నాను. మా ఆయనకు ఇష్టం లేదు. బాడుగ కట్టుకుంటూ ఉందాం, ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో అంత డబ్బు పెట్టడం ఎందుకు అన్నారు. అది నా డబ్బు అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనతో అలా మాట్లాడింది అదే మొదలు. ఆయన వెంటవచ్చి సంతకం పెట్టారు.

ఇల్లు బాగుండేది. బస్టాండుకు నడిచిపోవచ్చు. రోడ్డు వైపు ముందుగది, దానికి వేరే తలుపు, వెనక బోరు, మిద్దె మీద బట్టలు ఆరేసుకోవడానికి కావలసినంత చోటు. ఓనరు చలపతి టమోటా మార్కెట్లో వ్యాపారం చేసేవాడు. మాట మెత్తన. స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాయించి ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. దాన్ని రిజిస్టరు చేయించుకోవాలని మాకు తెలియదు. ఇంటి మీద అప్పుందో లేదో రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించి చూసుకోవచ్చని తెలియదు. అసలు పట్టా కాగితాలు ఎక్కడున్నాయని అడగాలని కూడా తోచలేదు. పెద్దమనిషిని అనుమానించినట్టు ఉంటుందని అనుకున్నామేమో. ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు.

గడువు తీరడానికి ఇంకా కొన్ని నెలలు ఉన్నాయనగా, ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరు వచ్చి ఇంటి ముందు నిలబడి ఫోనుతో ఫోటోలు తీసుకుంటున్నారు. కరెంటు ఆఫీసు వాళ్లేమో అనుకుని బయటికి వచ్చాను. ఇద్దరిలో పెద్దాయన, మీరు బాడుగకు ఉన్నారా అని అడిగాడు. భోగ్యం అన్నాను. ఆయన నీళ్లు అడిగి తాగి, అరుగు మీద కూర్చుని మెల్లగా చెప్పాడు. వాళ్లు బ్యాంకు వాళ్లట. మేము రాకముందే చలపతి ఈ ఇంటిని తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడట. టమోటాలో నష్టమొచ్చి చాలాకాలంగా కట్టడం లేదట. నోటీసులు పంపారట. ఇక ఇల్లు స్వాధీనం చేసుకుని వేలం వేస్తారట.

“మరి మా దుడ్డు సార్?”

“అది ఆయన్నే అడగాలమ్మా. మీ అగ్రిమెంటుతో బ్యాంకుకు సంబంధం లేదు. మమ్మల్ని అడక్కుండా ఇంటిని భోగ్యానికి ఇచ్చే హక్కు ఆయనకు లేదు. మీరు ఆలస్యం చేయొద్దు.”

మంచివాడే ఆయన. చెప్పాల్సిన పని లేకపోయినా చెప్పాడు. నన్ను హెచ్చరించాడు. నేను ఏం చేశానో ఆయనకు ఎప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం మా ఆయన వచ్చారు. కాళ్లు కడుక్కుని, టీ తాగి, స్కూల్లో ఎవరో పిల్లవాడు బస్సులో చేసిన అల్లరి గురించి చెప్పి నవ్వారు. చెప్పేద్దామనుకున్నాను. నోరు రాలేదు. నేను ముందే చెప్పాను కదా అని ఆయన అనరు. అలాంటి మనిషి కాదు. అనకపోవడమే నాకు భయం. అనకుండా, తల వంచుకుని, రేపటి నుంచి ఇంకో పని కూడా చూసుకుంటారు. అది నేను భరించలేననుకున్నాను. నిజంగా ఆయన కోసమే దాచానా? లేక నేను తెలివితక్కువదాన్ని అని తేలిపోకూడదనా? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న వేసుకుంటున్నాను. రెండోదే నిజమనిపిస్తుంది.

మరుసటి రోజు నేనొక్కదాన్నే కోర్టు దగ్గర ఒక లాయరును కలిశాను. ఆయన కాగితం చూసి, ఇది రిజిస్టరు కాలేదు, పైగా తాకట్టు తర్వాత రాసుకున్నది, బ్యాంకు ఖాళీ చేయమంటే చేయక తప్పదు అన్నాడు. చలపతి మీద దావా వేయొచ్చు, పోలీసు కంప్లయింటు ఇవ్వొచ్చు, ఇలా మేమున్నామని బ్యాంకుకు కూడా రాసి పెట్టుకోవచ్చు. గెలుస్తారు, కానీ ఆయన పేరు మీద ఏదైనా మిగిలి ఉంటేనే డబ్బు చేతికి వస్తుంది అన్నాడు. ఏండ్లు పడుతుందన్నాడు. ఆ రోజే నోటీసు పంపుదామన్నాడు. మా ఆయన్ని అడిగి వస్తానని చెప్పి బయటికి వచ్చాను.

నేరుగా మార్కెట్టుకు వెళ్లాను. చలపతి క్రేట్ల మధ్య నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నన్ను చూడగానే సంగతి అర్థమైపోయినట్టుంది. పక్కకు పిలిచి టీ తెప్పించాడు.

“అమ్మా, ఇప్పుడు నా దగ్గర రూపాయి లేదు. ఎగ్గొట్టే మనిషిని మాత్రం కాదు. మీరే ఎవరినన్నా ఆ ఇంటికి తెచ్చిపెట్టండి. వాళ్ల దుడ్డు వస్తానే ఆడికాడే మీది మీకిచ్చేస్తా. బ్యాంకోళ్ల మాట మాత్రం ఎవురికీ సెప్పద్దండి. ఒక్క పంట మంచి రేటు పలికితే అంతా నేనే కట్టేసుకుంటా.”

నమ్మానా? నమ్మినట్టు నాకు నేను చెప్పుకున్నాను. టమోటా అంటే అంతే కదా, ఒక వారం పారబోస్తారు, ఒక వారం లక్షాధికారులవుతారు, ఏమో, కట్టేస్తాడేమో, కట్టేస్తే ఎవరికీ నష్టం ఉండదు కదా అని దారంతా అనుకుంటూ ఇంటికి వచ్చాను. అలా అనుకోవడం చాలా సులువుగా ఉండింది. అంత సులువుగా ఉన్నప్పుడే నాకు తెలిసి ఉండాల్సింది.

మా ఆయనతో వేరే మాట చెప్పాను. మా చెల్లెలు కుప్పంలో ఉంది, అక్కడికి వెళ్లిపోదాం, టైలరింగు షాపు పెట్టుకుంటాను, భోగ్యం డబ్బు తీసుకుని ఒక సైటు కొనుక్కుందాం అన్నాను. ఆయన సంతోషపడ్డారు. సొంత ఇల్లు అనే మాట ఆయనకు చాలా ఇష్టం. అక్కడ ఒక కాలేజీలో బస్సు ఉద్యోగం కూడా దొరికింది.

ఇక ఇంటికి మనిషి కావాలి. మొదట ఒక టీచరు, ఆయన భార్య వచ్చి చూశారు. నచ్చింది. ఈసీ తీయించుకుని వస్తామన్నారు. మళ్లీ రాలేదు. తర్వాత ఒక మెడికల్ షాపు ఆయన వచ్చి, పట్టా కాగితాల జిరాక్సు ఇవ్వమని అడిగాడు. చలపతి ఏదో సర్ది చెప్పాడు. ఆయనా రాలేదు. ఆ రోజు వంటింట్లో నిలబడి ఉండగా నా మనసులో ఒక మాట వచ్చింది. ఎంత మెత్తగా చెప్పాలని చూసినా ఆ మాట మారడం లేదు. కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తాను. అడగని మనిషి కావాలి.

అప్పుడు అమరావతి గుర్తొచ్చింది.

పెళ్లయిన కొత్తలో మేము పుంగనూరులో ఒక వరస ఇళ్లలో ఉండేవాళ్లం. పక్క వాకిలి అమరావతిది. నాకన్నా చిన్నది. అక్కా అనేది. చికున్‌గున్యా వచ్చి నేను మంచం దిగలేకపోయిన రోజుల్లో నాకు తల దువ్వి, నా కొడుక్కి స్నానం చేయించి, వాళ్ల ఇంట్లో అన్నంతో పాటే మాకూ వండింది. మేము మదనపల్లెకు వచ్చేశాక కూడా ఫోను చేస్తుండేది. ఆమె భర్త క్రిష్ణప్ప బెంగుళూరులో మేస్త్రీ పని చేసేవాడు. కడుతున్న మిద్దె మీది నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము పోయింది. బరువు ఎత్తకూడదు, ఎక్కువసేపు నిలబడకూడదు. కంట్రాక్టరు కొంత డబ్బు ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. ఆ డబ్బును వాళ్లు ముట్టుకోలేదు. అది పెట్టి మదనపల్లెలో రోడ్డు మీద ఒక చిన్న ఇల్లు తీసుకుని టిఫిను అంగడి పెట్టుకుంటే, ఆయన కూర్చుని డబ్బులు తీసుకుంటాడు, తను వండుతుంది, కూతురు ఇంటరు చదువుకుంటుంది అని అమరావతి ఆశ. ఏదన్నా ఇల్లుంటే చూడక్కా అని నన్ను అడిగి ఉంది.

ఆ డబ్బు ఎక్కడిదో నాకు తెలుసు. తెలిసే వెళ్లాను.

పుంగనూరు బస్సులో కూర్చున్నంతసేపూ ఎక్కడో ఒకచోట దిగి వెనక్కి వచ్చేసి ఉండొచ్చు. ఎవరూ పట్టుకోలేదు నన్ను. ఆమె ఇంట్లో సంగటి, ఊరుబిండి పెట్టింది. క్రిష్ణప్ప నడుముకు బెల్టు కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముందుగది గురించి చెబుతుంటే ఆయన ముఖం వెలిగింది. ఆడ పెనం ఈడ బల్లలు అని గాలిలో చేతులు పెట్టి చూపిస్తూ భార్యతో చెప్పడం మొదలుపెట్టాడు. నేను సంగటి ముద్ద తుంచుకుంటూ కూర్చున్నాను.

రెండు మూడు రోజుల్లో ఇద్దరూ వచ్చి ఇల్లు చూశారు. క్రిష్ణప్ప అరుగు మీద చలపతితో మాట్లాడుతున్నాడు. అమరావతి నా వెంట వంటింట్లోకి వచ్చింది. బోరు నీళ్లు తిప్పి చూసింది. సజ్జ చూసింది. తర్వాత నా వైపు తిరిగి, అడగడానికే సిగ్గుపడుతున్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

“అక్కా, ఇంటిమీద ఏం తకరారు లేదు కదా? మాకుండేది ఇంతే. ఇది పోతే ఆయన తిరగా పనికి పోలేడు.”

అడగదనుకున్న మనిషి అడిగింది.

ఆ క్షణం గురించి ఎన్నిసార్లు ఆలోచించానో చెప్పలేను. చెప్పడానికి కావలసినంత సమయం ఉండింది. ఎవరూ వినడం లేదు. ఒక్క ముక్క అంటే చాలు. వద్దు అమరా, ఇల్లు బ్యాంకులో ఉండాది. అంతే. లేదూ, ఆ మాట అనే ధైర్యం లేకపోతే, ఈసీ తీయించుకో, లాయరుకు చూపించు అన్నా చాలు. నా గొంతు నాకే మామూలుగా వినిపించింది.

“తకరారు ఉంటే మేము ఇన్నేండ్లు ఉంటామా అమరా?”

అబద్ధం కూడా చెప్పలేదు చూశారా. ప్రశ్నకు ప్రశ్న వేశాను. తర్వాత చాలాకాలం దాన్నే పట్టుకుని వేలాడాను, నేను లేదనలేదు కదా అని. ఎంత నీచమైన ఓదార్పు అది. ఆమె నా చెయ్యి పట్టుకుని, నువ్వు సెప్తే సాలక్కా అంది.

డబ్బు ఇచ్చిన రోజు మా ముందుగదిలోనే అందరం కూర్చున్నాం. అమరావతి కొంగులో చుట్టి తెచ్చిన కట్టలు తీసి చలపతి చేతిలో పెట్టింది. చలపతి వాటిలోంచి మాకివ్వాల్సినవి విడదీసి నా చేతిలో పెట్టాడు. ఆమె చూస్తూనే ఉంది. మనవే అటూ ఇటూ తిరుగుతాండాయి కదక్కా అని నవ్వింది. మా ఆయన కూడా నవ్వారు. చలపతి చెప్పిన మాట నిలబెట్టుకున్నాడని ఆయనకు గౌరవం. తెలిసినవాళ్లే ఇంట్లోకి వస్తున్నారని ఇంకా సంతోషం. ఆ వారం సెలవు పెట్టి మరీ వాళ్ల సామాను మోశారు. క్రిష్ణప్పను ఏదీ ఎత్తనివ్వలేదు. గ్రైండరు ఒక్కరే భుజం మీద పెట్టుకుని లోపలికి తెచ్చారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఏం తెలియని మనిషి చెమటలు కక్కుతూ వాళ్లను ఆ ఇంట్లోకి చేరుస్తున్నాడు. అన్నీ తెలిసిన నేను ఆయనకు మంచినీళ్లు ఇస్తున్నాను.

కుప్పం వచ్చేశాం. సైటు కొన్నాం.

ఏడాది కూడా కాలేదు. ఒకరోజు పొద్దున్నే అమరావతి ఫోను చేసింది. బ్యాంకు వాళ్లు పోలీసులతో వచ్చి సామాను బయట పెడుతున్నారని, ఏం చేయాలో తెలియడం లేదని, చలపతి ఫోను పనిచేయడం లేదని చెప్పింది. అంతకుముందు తలుపుకు ఏదో కాగితం అంటించి పోయారట. చలపతి వచ్చి అది ఇంటి పన్ను కాగితం అని చెప్పి చించేశాడట. ఆమె ఏడవడం లేదు. ఏడుపుకు ముందు ఉండే గొంతు అది. మా ఆయన ఫోను అందుకుని విని, అప్పటికప్పుడు బయలుదేరారు. నన్ను రమ్మన్నారు. తలనొప్పి, జ్వరంగా ఉంది అన్నాను. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, పడుకో అన్నారు.

ఆయన మరుసటి రోజు వచ్చారు. ముందు నా నుదుటి మీది దుప్పటి తీసి, జ్వరం తగ్గిందా అని అడిగారు. ఇంటికి తాళం వేసి సీలు వేశారట. టిఫిను అంగడి పెనం, బల్లలు, స్టవ్వు రోడ్డు పక్కన పెట్టి ఉన్నాయట. ఆ పొద్దుటికి పోసిన ఇడ్లీలు కుక్కరులోనే ఉన్నాయట. క్రిష్ణప్ప నడుముకు బెల్టుతో ఆ బల్ల మీదే కూర్చుని ఉన్నాడట. ఒక ఆటో మాట్లాడి మా ఆయనే వాళ్లను పుంగనూరుకు చేర్చి వచ్చారు. చెప్పి చెప్పి, చివరికి నాతో ఇలా అన్నారు.

“ఆ ఇంట్లోకి మనమే కదే పిలిచి పెట్టింది. మన దుడ్డు మనకు వచ్చింది. వాళ్లది పోయింది. రవంతన్నా ఇస్తాం. సైటు అమ్మేద్దాం.”

రెండోసారి అవకాశం వచ్చింది నాకు. అందరికీ అలా రాదు.

“మనమేమన్నా మోసం సేసినామా? మనం ఎందుకు ఇచ్చేది?” అన్నాను.

ఆయన నా వైపు చూశారు. చాలాసేపు చూశారని నాకు గుర్తు. తర్వాత లేచి బయటికి వెళ్లిపోయారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కొన్ని నెలలకు అమరావతి కుప్పం వచ్చింది. నేను భయపడిపోయాను. ఆమెకు తెలిసిపోయిందనుకున్నాను. నన్ను తిట్టడానికి రాలేదు. చలపతి మీద కేసు పెట్టారట, నేను సాక్షిగా వచ్చి డబ్బు ఇచ్చేటప్పుడు చూశానని చెప్పాలట. “నువ్వన్నా తప్పించుకున్నావక్కా, అది సాలు” అంది. నా కోసం సంతోషపడింది. కూతురు ఇంటరు మానేసి బెంగుళూరులో గార్మెంట్సుకు పోతోందని, తను టమోటాలు ఏరే పనికి పోతోందని మామూలు విషయంలా చెప్పింది. నేను అన్నం పెట్టాను, చీర పెట్టాను, బస్సు ఛార్జీకి ఇవ్వబోతే తీసుకోలేదు. సాక్ష్యానికి వెళ్లాను. డబ్బు ఇవ్వడం చూశానని చెప్పాను. అది నిజమే. ఇంటి మీద అప్పు ఉందని అప్పుడు మీకు తెలుసా అని ఎవరైనా అడుగుతారని భయపడుతూ నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. చలపతి తమిళనాడు వైపు ఎక్కడో ఉన్నాడంటారు. కేసు ఇంకా నడుస్తోంది. గెలిచినా అతని పేరు మీద ఏమీ లేదు. లాయరు చెప్పిన మాటే.

సైటులో ఇల్లు కట్టాం. కొడుకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, అందరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. నా షాపులో జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చే ఆడవాళ్లు భోగ్యానికి ఇల్లు తీసుకుంటున్నామని చెబితే నేను టేపు పక్కన పెట్టేస్తాను. ముందు ఈసీ తీయించండి అంటాను. అసలు పట్టా ఎవరి దగ్గర ఉందో కళ్లతో చూడండి, లాయరుకు చూపించండి, అగ్రిమెంటు రిజిస్టరు చేయించండి, బ్యాంకులో అప్పుంటే ఆ బ్యాంకు రాసి ఇస్తేనే చేరండి, లేకపోతే బాడుగ ఇల్లు చూసుకోండి అంటాను. ఇన్ని విషయాలు నీకెట్ల తెలుసక్కా అని ఆశ్చర్యపోతారు. ఒకరిద్దరు నా మాట విని బయటపడ్డారు కూడా. స్వీట్లు తెచ్చి ఇచ్చారు. ఆ స్వీట్లు నోట్లో పెట్టుకోలేకపోయాను. ఎంతమందికి చెబితే అమరావతికి చెప్పినట్టవుతుంది? అవదు. అయినా చెప్పకుండా ఉండలేను.

పోయిన సంవత్సరం మా ఆయన గుండెనొప్పితో పోయారు. అమరావతి వచ్చింది. క్రిష్ణప్ప రాలేని స్థితిలో ఉన్నాడట, ఆమె ఒక్కతే వచ్చింది. కర్మ అయ్యేదాకా మా ఇంట్లోనే ఉండి, వచ్చిన వాళ్లందరికీ వండింది. పుంగనూరులో వండినట్టే. బంధువులంతా వెళ్లిపోయాక, మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తూ ఉన్నట్టుండి అంది.

“బావ నెలనెలా ఏదో ఒకటి పంపిస్తానే ఉండాడక్కా. జీతం రాంగానే. వద్దన్నా ఇనలా. నీకు మాత్రం సెప్పద్దన్నాడు, బాధపడతావని.”

నా చేతిలో బట్టలు అలాగే ఉండిపోయాయి. ఇన్నేళ్లూ. జీతంలో ఏదో కోత పడుతుందని చెప్పేవారు నాకు. నేను నమ్మాను. నేను చెప్పినవి ఆయన నమ్మినట్టే.

నాకు చెప్పొద్దని ఎందుకన్నారు? ఒకసారి కాదన్నాను కాబట్టి, మళ్లీ గొడవెందుకని అనుకున్నారా? లేక తెలుసా ఆయనకు? మదనపల్లెలో సామాను బయట పెట్టిన రోజు అక్కడికి వచ్చిన బ్యాంకు వాళ్లలో ఆ పెద్దాయన ఉన్నాడేమో. ముందే ఆ ఇంట్లో ఉన్న ఆమెకు చెప్పాం కదా అని ఎవరైనా అన్నారేమో. తెలిసే వచ్చి నా నుదుటి మీద నుంచి దుప్పటి తీసి, జ్వరం తగ్గిందా అని అడిగారేమో. తెలిసే, సైటు అమ్మేద్దాం అని నాకు ఒక దారి చూపించారేమో. నేను మోసం మాట ఎత్తినప్పుడు అంతసేపు నా ముఖం ఎందుకు చూశారు? ఇప్పుడు ఎవరిని అడగను? నాకు తెలిసే అవకాశం లేదు. ఆయన నన్ను నమ్మి పోయారో, క్షమించి పోయారో, అసహ్యించుకుని కూడా నాతోనే కాపురం చేసి పోయారో.

అమరావతి బట్టలు మడతపెడుతోంది. చెప్పేద్దామనుకున్నాను. నిజంగా. అమరా, ఆ ఇంటి విషయం నాకు, అని మొదలుపెట్టాను. ఆమె నా భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఆ ఇల్లు మాటలు ఇప్పుడెందుకక్కా, పోయిందేదో పోయింది, నువ్వు ఏడవొద్దు అంది. నేను మొగుడు పోయిన దుఃఖంలో ఉన్నాననుకుంది. నా వాక్యం అక్కడే ఆగిపోయింది. ఆమె ఆపింది అనుకోవడం నాకు హాయి. కానీ ఆపింది ఆమె కాదు. కావాలంటే ఆమె చేతులు విడిపించుకుని చెప్పి ఉండొచ్చు. నేను ఆమె భుజం మీద తల పెట్టుకున్నాను.

మరి డబ్బు ఇచ్చేయొచ్చు కదా అంటారు. ఇప్పుడు నెలనెలా నేను పంపుతున్నాను, ఆయన పంపినట్టే. బావ మాట కోసం అని చెప్పి. కానీ మొత్తం ఇవ్వాలంటే ఇల్లు అమ్మాలి. అమ్మాలంటే కొడుక్కి చెప్పాలి, కోడలికి చెప్పాలి. వాళ్ల నాన్న ఎంత మంచివాడో చెప్పుకునే పిల్లలకు నేనేమిటో చెప్పాలి. అది నా వల్ల కావడం లేదు. కాదు, చేయడం లేదు. ఈ రెండు మాటల మధ్య తేడా నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఒక్క అడుగు ముందుకు పడటం లేదు.

ఇది చదివి మీరు నన్ను ఏమనుకున్నా నాకు సమ్మతమే. ఏమీ అనొద్దని అడగను. మంచిమాట చెప్పమని కూడా అడగను. ఒక్కటి మాత్రం, ఎవరి వెనకా దాక్కోకుండా, ప్రశ్నలా కాకుండా రాయాలని కూర్చున్నాను. ఇదిగో. ఆ ఇల్లు బ్యాంకు పాలవుతుందని నాకు ముందే తెలుసు. తెలిసి, నన్ను అక్కా అని పిలిచిన మనిషిని వెతుక్కుంటూ పోయి తెచ్చి అందులో పెట్టి, ఆమె డబ్బుతో నేను బయటపడ్డాను.

రాశాను. గొంతులో ఇన్నాళ్లూ ఉన్నది కొంచెం కదిలినట్టుంది.